ఉప్పుటేటి పాచి, చేలో కంది మొక్క

నేను పరిశోధన చేసింది పాచి మీద. గురజాల దగ్గర మా ఊళ్ళో ఈ మాట విని నవ్వనివాళ్ళు లేరు. పక్కింటి అత్తయితే, తొట్టి కడిగితే పోయేదానికి ఇన్నేళ్ళ చదువేందని మా అమ్మను నిలదీసింది. నాకు ఒళ్ళు మండేది. దాన్ని నీలి ఆకుపచ్చ నాచు అంటారనీ, పుస్తకాల్లో సయనోబాక్టీరియా అనీ, మనం పీల్చే ఆక్సిజన్ భూమ్మీద మొదట పుట్టింది దానివల్లేననీ చెబితే, సరేలే అని మిరపకాయల తొడిమలు తీయడంలో పడేది.

బాపట్ల వైపు సముద్రంలో కలిసే ఒక ఉప్పుటేరులో నా పని. మోకాలి లోతు నీళ్ళు. పొలాల మురుగు కాలవ వచ్చి కలిసేచోట ఒక సీసా, ఫర్లాంగు అవతల సముద్రం వైపు ఒక సీసా నింపుకొచ్చేదాన్ని. మైక్రోస్కోపులో సముద్రం వైపు నాచు పూసల దండలా కనిపించేది, నడుమ అక్కడక్కడా ఒక లావు పూసతో. గాలిలోని నత్రజనిని పట్టి తిండిగా మార్చుకునేది ఆ లావు పూసే. కాలవ దగ్గరి నాచులో అది ఎంత వెతికినా లేదు.

మా గైడు నమ్మలేదు. ఒకే ఏరు, ఒకే ఉప్పు, నాచు మాత్రం రెండు రకాలా, సీసాలు తారుమారు చేసుంటావు, ఆ అధ్యాయం తీసెయ్ అన్నారు. రెండేళ్ళ కష్టం. అది పోతే నా థీసిస్‌లో మిగిలేది అట్టలే. నిజంగానే లేబుళ్ళు మార్చి అంటించానేమోనని నాకే అనుమానం పట్టుకుంది.

ఊరికొచ్చి చేలో నాన్నకు చెప్పుకున్నాను. ఆయన పదో తరగతితో ఆపేసి, పత్తీ మిరపా సాగులో తల నెరిసిన మనిషి. మా వైపు రైతులు ఆకును చూసి ఊరుకోరు, మొక్క పీకి వేరు చూడందే మాట్లాడరు. నాన్న పత్తి సాళ్ళ మధ్యనున్న కంది మొక్క ఒకటి పీకాడు. వేళ్ళు నున్నగా ఉన్నాయి. యూరియా తగలని గట్టు పక్కన ఇంకోటి పీకాడు. వేళ్ళ నిండా బుడిపెలు, గాలిలోని నత్రజనిని మొక్కకు పట్టిచ్చేవి.

"పత్తికేసిన యూరియా ఆ మొదటి మొక్కక్కూడా అందింది. వడ్డించేవాడుంటే పొయ్యి ఎవడు ముట్టిస్తాడే? నీ కాలవ నీళ్ళల్లో ఎరువెంతుందో చూశావా అసలు?"

చూడలేదు. ఉప్పు కొలిచాను, పీహెచ్ కొలిచాను, వేడి కొలిచాను. నత్రజని, భాస్వరం కొలవలేదు. రైతు బిడ్డనై ఉండి ఆ మాట తట్టనందుకు సిగ్గేసింది.

మళ్ళీ వెళ్ళాను. ఈసారి నాన్న కూడా వచ్చి, ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి, సీసాల మీద పేర్లు తనే రాశాడు. నాచు మునుపటిలాగే రెండు రకాలు. కాలవ దగ్గర నత్రజని దండిగా ఉంది. సముద్రం వైపు అది నిండుకుంది, గాలిలో దొరకని భాస్వరం మాత్రం మిగిలి ఉంది. తన నత్రజని తను వండుకోగల నాచుదే అక్కడ రాజ్యం. అధ్యాయం నిలిచింది.

వైవా రోజు, బయటి నుంచి వచ్చిన ప్రొఫెసరు ఈ కోణంలో చూడాలని ఎలా తట్టిందని అడిగారు. నేను నోరు తెరిచేలోపు, ఆ సలహా తానే ఇచ్చానని గైడు చెప్పేశారు. పట్టా ఇంకా చేతికి రాలేదు. ఊరుకోవడమే తెలివి. మా ఇంట్లో ఆ తెలివి ఎవరికీ లేదు.

"కాదండీ, మా నాన్న చెప్పాడు. అదుగో, వెనక వరుసలో ఉన్నాడు."

ప్రొఫెసరు నాన్న వైపు తిరిగి, వేరు బుడిపె పనిచేస్తోందో లేదో చేలో ఎలా తెలుస్తుందని అడిగారు. నాన్న లేచి నిలబడ్డాడు.

"గోటితో చిదమాలండీ. లోపల ఎర్రగా ఉంటే పనిచేస్తన్నట్టు. తెల్లగా ఉంటే దండగ."

ప్రొఫెసరు అది నాన్న పేరుతో సహా వైవా నివేదికలో రాసుకున్నారు. డాక్టరేటు ప్రకటించాక ఆయన నాకంటే ముందు నాన్న దగ్గరికి నడిచి చెయ్యి కలిపారు. గైడు ఆ తర్వాత చానాళ్ళు నాతో పలకలేదు. పలకకపోతే మానె. మా నాన్న చెప్పిన మాట మా నాన్న పేరు మీదే రికార్డుకెక్కింది.