వీధి మీదికి జరిగిన గది

రాయపూర్ రాజధాని అయ్యాక శంకర్ నగర్‌లో స్థలం దొరకడమే గొప్ప. మాకు దొరికింది సన్నటి ముక్క. కింద కారు పెడితే, ఇల్లంతా మేడ మీదే. మా అత్తగారు ముందే తేల్చేశారు: "వీధి లేని ఇంట్లో నేనుండలేనే."

ఆవిడది విజయనగరం వైపు రైల్వే కుటుంబం. పొద్దున్నే అద్దె ఇంటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంటారు. దారిన పోయే ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు "దాయీ" అని, అంటే అమ్మా అని, పలకరిస్తేగాని ఆవిడకి టీ దిగదు. ఇళ్ళ ప్లాన్లు గీయడమే నా వృత్తి. సొంత అత్తగారికి ఒక గది గీయలేకపోతే నా చదువు ఏ గంగలో కలపను?

కాలేజీలో చూసిన టర్కీ పాత ఇళ్ళ ఫొటోలు ఒకరోజు హఠాత్తుగా గుర్తొచ్చాయి. వాటిలో మేడ మీది గది కింది గోడ దాటి వీధి మీదికి వస్తుంది. మూడు వైపులా కిటికీలు, వాటి వెంట కూర్చోడానికి ఎత్తు తక్కువ బల్లలు. కూర్చున్నచోటు నుంచే గల్లీ ఆ చివరా ఈ చివరా కనిపిస్తాయి. ఇంకేం కావాలి! పొయ్యి మీద పాలు పొంగుతున్నా పట్టించుకోకుండా గీసేశాను.

"టర్కీ అంటే తువ్వాళ్ళు కదేటే! ఇళ్ళు కూడా ఉన్నాయేటి?" అన్నారు అత్తగారు.

నవ్వితే నవ్వారు, నేను తగ్గలేదు. మా హద్దు దాటకుండా గదిని వీధి వైపుకి జరిపి కాంక్రీటుతో కట్టించాను. బల్లల మీద పరుపులకి పండరీ బట్టల బజారుకి వెళ్ళి గుడ్డ నేనే ఏరాను. ఆ పాత ఇళ్ళలో ఆడవాళ్ళు ఎవరి కంటా పడకుండా వీధి చూడ్డానికి చెక్క జాలీలు ఉండేవి. నేనూ టేకు జాలీలు చేయించి బిగించాను. ఎంత బాగున్నాయో! వచ్చినవాళ్ళందరికీ ముందు అవే చూపించేదాన్ని.

గృహప్రవేశం మర్నాడు అత్తగారిని అక్కడ కూర్చోబెట్టాను. ఆవిడ ట్రంకు పెట్టె ఇంకా అద్దె ఇంట్లోనే ఉంది. "చూసి చెప్తాను" అన్నారు. పెళ్ళిచూపుల్లో కూడా నేనంత కంగారు పడలేదు. వంట ముగించి వచ్చేసరికి ఆవిడ చెప్పులేసుకుంటున్నారు.

"ఏమైంది అత్తయ్యా? వీధి కనపడలేదా?"

"అందరూ కనపడ్డారు. కూరల దీదీ నా కిందనుంచే పోయింది. మరి నేనెవులికి కనపడ్డానే? ఒక్కరు తలెత్తి 'దాయీ' అన్లేదు."

నా మొహం చిన్నబోయింది. కానీ ఒక్క క్షణమే. ఆవిడకేం కావాలో తెలిసిపోయింది! స్క్రూడ్రైవర్ తెచ్చి మధ్య కిటికీ జాలీ ఊడదీశాను. వేలికి పేడు గుచ్చుకున్నా ఆగలేదు. కిటికీ తలుపులు బార్లా తీయగానే వీధి చప్పుడంతా లోపలికొచ్చింది.

కూరల దీదీ తట్టతో తిరిగి వస్తోంది. అత్తగారు కిటికీలోంచి వంగి, ఎర్ర తోటకూర ఉందా అని కేకేశారు: "ఏ దీదీ! లాల్ భాజీ హై కా?"

ఆమె అటూ ఇటూ చూసి తలెత్తింది. ముఖమంతా నవ్వు. "అరే దాయీ! ఊపర్ మా బైఠే హవ్ కా?" పైన కూర్చున్నారా అని.

అత్తగారు చెప్పులు విప్పేసి, బల్ల మీద కాళ్ళు ముడుచుకుని సర్దుక్కూర్చున్నారు. వీధి మీంచి చూపు తిప్పకుండానే నాతో అన్నారు:

"మిగతా జాలీలు కూడా తీసీయే. మీ ఆయనకి ఫోన్ చెయ్యి, నా ట్రంకు పెట్టె తెమ్మను."