పెదవి మొద్దుబారిందన్నాను

తొంభై ఎనిమిది ఎండాకాలం. జగ్గయ్యపేటలో మా ఇంట్లో అన్నం నములుతుంటే కింది దవడ చివరి పన్ను జివ్వుమంది. మూడు రోజులు లవంగంతో నెట్టుకొచ్చాను. నాలుగో రోజుకి దవడ వాచి, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. నందిగామ బస్సెక్కాను.

అక్కడి డెంటల్ డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, "వాపు మీద మత్తు సరిగా పట్టదండి. ఐదు రోజులు యాంటీబయాటిక్స్ వాడి రండి" అన్నారు. వాడి వెళ్లాను.

"కింద ఎముక మందం. చిగుళ్లో సూది చాలదండి, నరం దగ్గరే నెర్వ్ బ్లాక్ ఇవ్వాలి" అని దవడ వెనక లోతుగా వేశారు. "పది నిమిషాల్లో సగం పెదవి మొద్దుబారాలి."

క్వారీలో రాతిగుట్టలు కొలిచి ఘనపుటడుగులు తేల్చడం నా పని. ఎవరూ నేర్పలేదు. అయినా నా లెక్కకు తిరుగులేదని పేరు. గడియారం చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలైంది. నాలుక తిమ్మిరెక్కింది గానీ పెదవి మామూలుగానే ఉంది. చెబితే మళ్లీ ఆ సూది వేస్తారని భయం.

"పెదవి బరువెక్కిందా?"

"ఎక్కిందండి."

చిగుళ్లో గుచ్చి చూశారు. కాలివేళ్లు బిగబట్టి, నొప్పి లేదన్నాను.

పట్టకారు పడగానే ఆమె వేలు కొరికేశాను. గ్లవ్ చిరిగి రక్తం వచ్చింది. చెయ్యి కడుక్కొచ్చి, "పట్టలేదంటే ఇంకోటి ఇచ్చేదాన్ని కదండీ" అని మళ్లీ బ్లాక్ వేశారు. ఈసారి నిజంగానే పట్టింది. పన్ను కదలడం తెలిసింది, నొప్పి తెలియలేదు.

ఇంటికొచ్చి, "ఆవిడకి మత్తివ్వడం రాదు" అన్నాను. క్వారీలోనూ అదే చెప్పాను. నా లెక్కను నమ్మినట్టే ఆ మాటా నమ్మారు.

రెండేళ్లకు నా భార్య దవడ వాచింది. "మీకే పట్టని మత్తు నాకేం పడుతుంది?" అని పన్నెండు రోజులు మాత్రలతో గడిపింది. వాపు మెడకు దిగి గుటక పడలేదు. విజయవాడలో చీము తీశారు. "ఇంకో రోజు ఆగితే ఊపిరాడేది కాదు" అన్నారు డాక్టరు. మంచం పక్కన కూర్చుని లెక్కేసుకున్నాను. పన్నెండు రోజులూ నా ఖాతాలోవే.

వాపు తగ్గాక పన్ను తీయించడానికి నందిగామకే తీసుకెళ్లాను. "మా ఆయనకు మత్తు పట్టలేదంటండి" అంది నా భార్య. డాక్టరమ్మ నా వైపు చూశారు.

"పట్టకపోయినా పట్టిందని చెప్పాను. ఆవిడ వేలు కొరికాను" అన్నాను.

"రెండేళ్ల నుంచీ అబద్ధమా?" అంది నా భార్య. ఆ కుర్చీలో కూర్చుని, పెదవి బరువెక్కిందా అని డాక్టరమ్మ అడిగితే రెండుసార్లు "ఇంకా లేదండి" అంది. మూడోసారి అడిగాకే తలూపింది. పన్ను హాయిగా వచ్చింది.

క్వారీలో ఎవరు పన్ను తీయించుకోవడానికి బయల్దేరినా ఇప్పుడు ముందు నా కొరుకుడు సంగతి చెబుతాను. పెదవి మొద్దుబారకపోతే లేదనే చెప్పమంటాను, డాక్టరు ఎన్నిసార్లు అడిగినా సరే. ఇప్పటికీ ఇంట్లో నేనేదైనా లెక్క చెబితే, మా ఆవిడ తన కింది పెదవి తట్టి చూపిస్తుంది. నేను మళ్లీ మొదటి నుంచి కూడతాను.