అడ్డదారి బావ

మా బావకు లోకంలో ఒకే ఒక్క పిచ్చి. ఏదైనా రాసే ముందు, ఆ రాయడాన్ని ఇంకాస్త సులువు చేసుకోవాలి. ఆ సులువు చేసుకోవడం కోసం ఆయన పడినంత కష్టం రాళ్ళు కొట్టేవాళ్ళు కూడా పడి ఉండరు.

వాషింగ్ మెషీన్ కొంటే పెట్టె అడుగున ఎవరూ చదవని చిన్న పుస్తకం ఒకటి ఉంటుంది కదా, అలాంటివి అనువదించే ఆఫీసులో బావ ఉద్యోగం. కంప్యూటర్లో ఆయన రాసుకునే ఎడిటర్ ప్రోగ్రాం ఒక వింత సరుకు. ఏ కీ నొక్కితే ఏం జరగాలో వాడేవాళ్ళే చెప్పుకోవచ్చు. ఈ కీ కొడితే మాట చెరిగిపోవాలి అంటే చెరిగిపోతుంది, ఆ రెండూ కలిపి కొడితే పేరా పైకి ఎగిరిపోవాలి అంటే ఎగిరిపోతుంది. ఇంత స్వేచ్ఛ మామూలు మనిషికిస్తే నాలుగు రోజులు ఆడుకుని వదిలేస్తాడు. బావకు ఇచ్చారు.

ఈ షార్ట్‌కట్ల ధర్మమా అని ఆఫీసులో ఆయనకు 'అడ్డదారి' అని పేరు స్థిరపడిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క వంకర పని చెయ్యని మనిషికి ఆ పేరు.

"ఒరేయ్, వాక్యం చివరికి వెళ్ళాలంటే చెయ్యి కీబోర్డు మీంచి మౌసు దాకా వెళ్ళి రావాలి. అది ఎంత దూరమో ఎప్పుడైనా ఆలోచించావా?" అన్నాడు నాతో.

"జానెడు, బావా."

"పోనూ రానూ?"

ఒకసారి ఆయన చిటికెనవేలు వాచిపోయింది. డాక్టరు చూసి, "ఏం పని చేస్తారు మీరు?" అని అడిగాడు. అనువాదం అంటే నమ్మలేదు. కట్టు కట్టి, వేలు కదపొద్దన్నాడు. బావ ఇంటికొచ్చి చిటికెనవేలితో అవసరం లేని కమాండ్లు తయారుచేసుకున్నాడు. తీరా వేలు నయమయ్యాక, పాపం ఖాళీగా కూర్చుందని దానికి కొత్త పని వెతికాడు.

ఇలా ఉండగా ప్రచురణకర్త ఒకావిడ, బావ మాట తీరు చూసి ముచ్చటపడి, పిల్లల కోసం చీమల మీద పుస్తకం రాసిమ్మని అడిగింది. చీమల గురించి బావ మాట్లాడితే భోజనాల బల్ల దగ్గర ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి వినేవాళ్ళం. ఆయన రాస్తే ఆ పుస్తకం ఎలా ఉండేదో నాకు తెలుసు. అందుకే ఇప్పటికీ బాధ.

మొదలుపెట్టడం బాగానే మొదలుపెట్టాడు. పుస్తకం నిండా చీమ అన్న మాట వస్తుంది కాబట్టి, 'చీ' కొట్టగానే 'చీమ' పడేట్టు ఎడిటర్‌కు నేర్పాడు. అది నేర్చుకుంది. మరి మరిచిపోలేదు. ఆఫీసులో చీఫ్ మేనేజరుకు పెట్టిన సెలవు అర్జీ 'చీమఫ్ మేనేజరు గారికి' అని వెళ్ళింది. అక్క చీపురు తెమ్మంటే ఈయన టైపు చేసి తీసిన సామాన్ల చీటీలో 'చీమపురు' అని ఉంది.

"ఇదేం ఊరు? ఎప్పుడు ప్రయాణం?" అంది అక్క.

అది సరిచెయ్యడానికి కొన్నాళ్ళు. సరిచేసినప్పుడు చెడిపోయినదాన్ని బాగుచెయ్యడానికి ఇంకొన్నాళ్ళు. పుస్తకం మాత్రం మొదటి వాక్యం దగ్గరే ఉంది.

ఈ వ్యవహారం మా నాన్నకు అస్సలు గిట్టేది కాదు. నాన్న ఒక పత్రికలో సబ్‌ఎడిటర్‌గా చేసి రిటైరయ్యారు. ప్రతివారం అదే పత్రికకు మాటల పుట్టుక గురించి వ్యాసం రాసేవారు. అచ్చుతప్పు అంటే ఆయనకు అన్నంలో రాయి. "నా కాపీలో ఒక్క అక్షరం దిద్దాల్సి వస్తే ఆ రోజే కలం మూసేస్తా" అనేవారు. అల్లుడికి మర్యాదలో లోటు చెయ్యకుండానే దులిపేసేవారు.

"అల్లుడుగారూ, కత్తి నూరడం అయిందా? కూర ఎప్పుడు తరుగుతారు?"

"ఇంకొంచెం ఉంది మావయ్యగారూ."

అయినా ప్రతి ఆదివారం బావ నాన్న ఇంటికి వెళ్ళి, ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని కాసేపు ఏదో చేసేవాడు. ఆ ఎడిటర్ పెట్టిచ్చిందీ బావే. "ఏం మారుస్తాడో నాకొక్కటీ కనబడదు. అలవాటు, అంతే. కొందరు గోళ్ళు కొరుక్కుంటారు" అనేవారు నాన్న, టీకప్పు రెండు చేతులా పట్టుకుని. ఎందుకలా పట్టుకుంటున్నారంటే, వేడిగా ఉందనేవారు.

ఒక సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసింది. "మీ బావకు చలిజ్వరం వచ్చిందేమోరా. చేతులు గజగజలాడిస్తూ టైపు చేస్తున్నాడు. అడిగితే 'ఉండు, లెక్క తప్పుతుంది' అంటున్నాడు."

నేను వెళ్ళేసరికి మామూలుగానే ఉన్నాడు. పిచ్చి ముదిరిందని ఇద్దరం తేల్చుకున్నాం. ఆ నెలలోనే ప్రచురణకర్త ఇక ఆగలేక చీమలను ఇంకెవరికో అప్పగించింది. ఆ కబురు చెప్పి, బావ చాలాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాడు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకు నాన్న ఇంటికి రంగులు వేయిస్తూ, ఆయన్ని మా ఇంటికి తీసుకొచ్చాను. వ్యాసం పంపాల్సిన రోజు నా కంప్యూటర్ ముందు కూర్చున్నారు. కాసేపటికి పిలిచారు.

"నీ కీబోర్డు పాడైందిరా."

చూశాను. తెర మీద 'మ్మాట్టలక్కు మన్నస్సుంట్టుంది' అని ఉంది. నేను కొట్టి చూశాను. 'మాటలకు మనసుంటుంది' అని శుభ్రంగా వచ్చింది. నాన్న మళ్ళీ కొట్టారు. మళ్ళీ ఒత్తులు. ఇంకోసారి నెమ్మదిగా, ఒక్కో కీ వెతుక్కుని కొట్టారు. అప్పుడు చేతులు పైకెత్తి చూసుకున్నారు. అవి ఆయన ఆపమన్నా ఆగడం లేదు.

"మా ఇంట్లో బాగానే వచ్చేదే" అన్నారు చిన్నగా.

బావకు ఫోన్ చేశాను. తప్పు దొరికిపోయినవాడిలా వచ్చాడు. తలుపు దగ్గరే, "కొత్త కీబోర్డులు అంతే మావయ్యగారూ, కాస్త చురుగ్గా ఉంటాయి" అని మొదలుపెట్టాడు.

"కూర్చోండి. నిజం చెప్పండి" అన్నారు నాన్న.

చెప్పాడు. రెండు మూడేళ్ళ కిందటే నాన్న వేళ్ళు వణకడం కనిపెట్టాడట. వణికితే ఒక కీ రెండుసార్లు పడుతుంది. రెండోదాన్ని మింగెయ్యమని ఎడిటర్‌కు చెప్పాడు. కానీ మన భాషలో ఒత్తులు లేకుండా ఇల్లు గడవదు. తన కంప్యూటర్లో పరీక్షించిన మొదటివారం అది అమ్మను 'అమ' చేసింది, అక్కను 'అక' చేసింది. ఏది వణుకు ఒత్తో, ఏది భాష ఒత్తో విడదియ్యాలి. వణికి పడే దెబ్బ, కావాలని కొట్టే దెబ్బ కంటే త్వరగా పడుతుందని పట్టుకున్నాడు. ఎంత త్వరగానో తెలుసుకోవడానికి తన చేతులు వణికించుకుని చూసుకున్నాడు. చలిజ్వరం అదన్నమాట. పైగా వణుకు ఒక్కచోట ఉండదు, పెరుగుతుంది. అందుకని ప్రతి ఆదివారం వెళ్ళి సరిచేసేవాడు.

నాన్న లేచి బాల్కనీలోకి వెళ్ళారు.

"పుస్తకం రాసుకోవాల్సిన టైమంతా దీనికి పోశావా బావా?" అన్నాను.

"దీని మీదికి నెట్టకురా. ఇది లేకపోయినా ఇంకో షార్ట్‌కట్ దొరికేది నాకు. ఆ పుస్తకం పోయిందని బాధ ఉంది, ఎందుకుండదు? వేరేవాళ్ళు రాసింది కొన్నాను కూడా. బాగానే ఉంది." నా కీబోర్డు ముందుకు లాక్కుంటూ, "ఎర్రచీమల దగ్గర మాత్రం తొందరపడ్డారు" అన్నాడు.

నాన్న లోపలికొచ్చారు. ఆయనకు క్షమాపణ చెప్పడం చేతకాదు. మాటల పుట్టుక అంతా తెలిసిన మనిషికి ఆ ఒక్క మాట నోరు తిరగదు. బావ నా కంప్యూటర్లో కూడా ఆ ఎడిటర్‌ పెట్టి సరిచేస్తూంటే పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అల్లుడూ, అన్నీ మార్చావు బాగానే ఉంది. ఆ చెరిపే కీ మరీ మూలకు ఉంది. అక్కడిదాకా వెళ్ళి రావడం ఎంత దూరమో ఆలోచించావా?"

ఆయన 'గారు' లేకుండా పిలవడం అదే మొదలు. బావ మొహం ఎలా వెలిగిందో చెప్పలేను.

"ఎక్కడికి తెమ్మంటారు మావయ్యా?"

"బొటనవేలి కిందికి."

"అక్కడ స్పేస్ ఉంది."

"దాన్ని జరుపు."

స్పేస్‌ను జరిపితే ఇంకేదో జరగాలి. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. పత్రిక నుంచి వ్యాసం ఏదని ఫోనొస్తే, నాన్న జన్మలో మొదటిసారి, "కాస్త ఆగవయ్యా, ఇక్కడ పనిలో ఉన్నాం" అని పెట్టేశారు.

చీకటి పడుతూంటే అక్క ఫోన్ చేసింది. "మీ బావ ఇంకా అక్కడేనా? నాన్నకు విసుగొస్తుంది, పంపించెయ్యి."

నేను ఫోన్‌ను గది తలుపు దగ్గర పట్టుకున్నాను. లోపల నాన్న, "అది కాదు అల్లుడూ, రెండూ కలిపి నొక్కితే?" అంటున్నారు.

అక్క అంతా వింది.

"ఇప్పుడు ఇద్దరా?" అంది.