రెండు మార్కుల పోస్టుమాన్

పుస్తకం తెరిచే ముందు ఇంగ్లీషు టీచరమ్మ వేళ్లకంటిన సుద్దను రుమాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంటుంది. పీరియడ్‌లో చివరి పది నిమిషాలు కథకి. మంచుకొండల్లో దారితప్పిన పోస్టుమాన్ కథ అది. నెలన్నరగా రోజుకి రెండు పేజీలు చదువుతోంది. తెలియని మాటలకి అర్థాలు చెప్పదు. చలి అన్నచోట వణుకుతుంది, అంతే. ఇంకా నాలుగు పేజీలుండగా హెడ్మాస్టరు గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇన్నాళ్లూ ఒక్క కథేనామ్మా? నోట్సుల్లో ఒక్క ముక్క లేదు."

"వింటున్నారండీ."

"వింటే మార్కులొస్తాయా? కథలకి ఇళ్లలో అమ్మమ్మలు లేరూ! రేపు ప్రశ్నలూ జవాబులూ రాయించి ముగించేయండి."

క్లాసంతా నవ్వింది. ఆయన వెళ్లాక, ఏడాదిగా నోరు మెదపని చివరి బెంచీ పిల్ల లేచి, తడబడుతూ ఇంగ్లీషులోనే అడిగింది: "టీచర్, అతను బతుకుతాడా?"

టీచరమ్మ పుస్తకం మూసి, "రేపు చెబుతానే" అంది.

మర్నాడు ఉదయం ఆమె బోర్డు నిండా పది ప్రశ్నలు, వాటి కింద జవాబులు రాసి, చూసి ఎక్కించుకోమంది. పోస్టుమాన్ బతికాడా అన్నది ఏడో ప్రశ్న, రెండు మార్కులు. లేదు, మంచులో చనిపోయాడు అన్నది జవాబు. చివరి బెంచీ పిల్ల అది రాసుకునేదాకా ఆగి, బోర్డు తుడిచేసింది.