పెన్సిల్ మాస్టారి పటంలో తెల్లచోటు

పెన్సిల్ అప్పటికే ఆయన చేతిలోకి వచ్చేసింది. ఉద్యోగంలో చేరి గంటయినా కాని గుమస్తా అడిగింది ఒకటే మాట: "సార్, బాత్రూం ఎటు?" మా పెన్సిల్ మాస్టారు పాత కవరొకటి తిరగేసి, ముందుగా ఉత్తరదిక్కు బాణం వేశారు. తర్వాత నడవా గీశారు, మెట్లు గీశారు, మెట్ల కింద పడేసిన విరిగిన బల్లను కూడా గీశారు.

"సార్, కొంచెం అర్జెంటు."

"ఆగు నాయనా, స్కేలు వెయ్యలేదు. అర్జెంటుగా వెళ్లేవాడికి దూరం తెలియడం ఇంకా ముఖ్యం."

ఆయనకున్న చాదస్తమల్లా అదొక్కటే. దారి అడిగితే నోటితో చెప్పరు, గీసి ఇస్తారు. అదీ తన కాళ్లతో నడిచి చూసిన చోటైతేనే. "నడవకుండా గీస్తే బొమ్మ, నడిచి గీస్తే పటం" అంటారు. ఆ మాట రోజుకు నాలుగుసార్లు వినేవాళ్లం.

మాది ఓరియెంటీరింగ్ సమాఖ్య. ఆట తెలియనివాళ్ల కోసం ఒక మాట. చేతిలో పటం, దిక్సూచి ఉంటాయి. ముందు తెలియని అడవి ఉంటుంది. అందులో అక్కడక్కడ కట్టిన గుర్తు జెండాలను వరుస తప్పకుండా వెతుక్కుంటూ పరుగెత్తాలి. ఏ దారిన వెళ్లాలో ఎవరూ చెప్పరు. దేశం తరఫున ఈ ఆట ఆడేవాళ్లను తయారుచేయడం మా సమాఖ్య పని. పటాలు గీసేది మాస్టారు, అచ్చు వేసేది నేను.

ఒకసారి మా కార్యాలయానికే పటం కావాలని కార్యదర్శమ్మ అడిగారు. మాస్టారు మూడు రోజులు గదిగదికీ తిరిగి గీశారు. బీరువా వెనక సాలెగూడు తప్ప అన్నీ ఉన్నాయి. ఆడవాళ్ల బాత్రూం ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా వదిలేసి, 'చూడలేదు' అని రాశారు.

"అక్కడ ఏముంటుందో మీకు తెలియదా మాస్టారూ?" అన్నారు కార్యదర్శమ్మ.

"తెలుసమ్మా. చూడలేదు."

"మరి ఖాళీగా వదిలేస్తే సరిపోయేదిగా, ఆ రాత దేనికి?"

"మన పటాల్లో తెలుపంటే హాయిగా పరుగెత్తగలిగిన అడవి అని అర్థం. రాయకపోతే ఎవడైనా నమ్మి పరుగెత్తుకుంటూ వెళ్తాడు."

ఆయన ఇంట్లోనూ ఇదే తంతు. వంటింటి తలుపు మీద వంటింటి పటం ఉంటుంది. "ఉప్పు డబ్బా జానెడు జరిపితే ఈయన కొత్త పటం గీస్తారు తమ్ముడూ" అని మాస్టారి భార్య నాతో వాపోయారు. "అందుకని ముప్పై ఏళ్లుగా నేను ఏ డబ్బా జరపలేదు. కాపురం మాత్రం పదకొండు ఇళ్లు మారింది."

ఇక మా అధ్యక్షులవారు. వయసులో గొప్ప పరుగువీరుడు, ఇప్పుడు గొప్ప మాటకారి. ఆ సంవత్సరం అగ్రశ్రేణి క్రీడాకారుల కోసం కొత్త సహాయ పథకం తెచ్చారు. ఎంపికైన ఆరుగురికి ఫిజియో, కోచ్, బూట్లు, విదేశీ శిబిరాలు అన్నీ సమాఖ్యే చూసుకుంటుంది. పథకాన్ని గోడ మీద తెరపై చూపించారు. ఆరు పెట్టెలు, వాటి మధ్య బాణాలు.

మాస్టారు చెయ్యెత్తారు. "ఆ పెట్టెకీ ఈ పెట్టెకీ ఎంత దూరం?"

"అది ఆలోచన మాస్టారూ. ఆలోచనకు దూరం ఉండదు."

"దూరం లేకపోతే బాణం ఎందుకు వేశారు?"

అందరం నవ్వాం. అధ్యక్షులవారు కూడా నవ్వారు, కాస్త ఆలస్యంగా.

పథకంలో ఒక షరతు ఉంది. వారానికి మూడు సాయంత్రాలు మా శిక్షణ మైదానానికి వచ్చి తీరాలి. ఆరుగురిలో ఐదుగురు వస్తున్నారు. ఆరో మనిషి ఆస్పత్రి లాండ్రీలో పనిచేసే అమ్మాయి. అడవిలో ఆమె పటం చదివే తీరు చూస్తే నా అచ్చుకు విలువ వచ్చినట్టు ఉండేది. అయితే మొదటి నెల పన్నెండు సాయంత్రాల్లో ఏడుసార్లే వచ్చింది. వచ్చినప్పుడైనా ఆయాసపడుతూ సగంలో వచ్చేది. కారణం అడిగితే "లేటయింది సార్" అనేది. అంతకుమించి ఒక్క ముక్క పెగిలేది కాదు.

"క్రమశిక్షణ లేదు" అన్నారు అధ్యక్షులవారు. "శుక్రవారం సమావేశంలో ఆ పేరు తీసేద్దాం. ఆ చోటు కోసం బయట పదిమంది కాచుకుని ఉన్నారు."

పేరు పోతే ప్రపంచపోటీల ఎంపిక శిబిరం కూడా పోయినట్టే. ఆ అమ్మాయికి అప్పుడు ఇరవై ఆరేళ్లు. రెండేళ్లకోసారి వచ్చే ఎంపిక అది.

మాస్టారు ఆమె తరఫున ఏమైనా మాట్లాడతారేమోనని చూశాను. ఆయన పెన్సిల్ చెక్కుకుంటూ కూర్చున్నారు. మర్నాటి నుంచి అసలు మనిషే కనిపించలేదు. ఎంపిక శిబిరం పటం సగంలో ఆగి ఉంది. నా యంత్రం ఖాళీగా ఉంది. పని మధ్యలో వదిలి పోయేవాళ్లంటే నాకు మంట.

"ఎక్కడికి పోయారమ్మా ఈయన?" అని కార్యదర్శమ్మను అడిగాను.

"బస్సులో చూశానయ్యా. లాండ్రీ వైపు వెళ్లే బస్సు. గడియారం చూసుకుంటూ ఏదో రాసుకుంటున్నారు. పలకరిస్తే, మాట్లాడించొద్దు, లెక్క తప్పుతుంది అన్నారు."

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి."

"ఆ దారికి కూడా పటం గీస్తారులే" అన్నారావిడ.

శుక్రవారం పొద్దున మాస్టారు వచ్చారు. ఎడమ బూటు అడుగు ఊడి, తాడుతో కట్టి ఉంది. సంచిలోంచి రెండు కాగితాలు తీసి, ఒకటి నా ముందు పెట్టారు. "ఇది పెద్దగా అచ్చు వెయ్యి. రెండోది దాచు, అక్కర వస్తుందో రాదో."

సమావేశంలో ఆ అచ్చును బల్ల నిండా పరిచారు. ఊరి పటం అది. దాని మీద ఊదారంగు వలయాలు, ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, వాటిని కలుపుతూ గీతలు. పోటీ పటం ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

అధ్యక్షులవారి కళ్లజోడు ముక్కు మీదికి జారింది. పాత ఆటగాడికి పటం కనిపిస్తే చాలు, వేలు దానంతట అదే కదులుతుంది.

"ఇదేం కోర్సు మాస్టారూ? రెండు నుంచి మూడుకి ఇంత చుట్టా?"

"వంతెన మీద బస్సు పోదు. దిగి, అవతల ఇంకో బస్సు ఎక్కాలి."

"నాలుగు దగ్గర ఇరవై నిమిషాలు ఆగడం ఏమిటి?"

"అది ఫిజియో గది. శిక్షణకు ముందు అక్కడ చూపించుకోవాలి. ఊరికి ఆ కొసన ఉంది."

"సరే, ఆరు నుంచి ఏడుకి? తూర్పు గేటు పక్కనే ఉందిగా. ఈ మనిషెవరో రెండు కిలోమీటర్లు చుట్టి వస్తోంది. దారి ఎంపిక తెలియదా?"

"తూర్పు గేటు ఆరింటికి మూస్తారండి."

"ఎవరు మూస్తారు?"

"మనమే. జెండాలు పోతున్నాయని పోయిన ఏడాది తాళం వేయించారు."

అధ్యక్షులవారు వేలు తియ్యలేదు. మొదటి వలయం నుంచి మళ్లీ చదివారు. ఒకటో గుర్తు ఆస్పత్రి లాండ్రీ. ఏడో గుర్తు మా శిక్షణ మైదానం. గీతల పక్కన సన్నని అక్షరాల్లో నిమిషాలు.

"ఈ కోర్సు సమయానికి ఎవరూ పూర్తి చెయ్యలేరు" అన్నారు చివరికి. "పెట్టినవాడికి బుద్ధి ఉండాలి. ఎవరు పెట్టారిది?"

మాస్టారు పెన్సిల్ చివర నమిలారు. ఎవరి ముఖమూ చూడలేదు. అడవిలో గుర్తుకూ గుర్తుకూ మధ్య దూరం మీటర్లలో కొలిచేవాళ్లం మేం. ఇంటికీ అడవికీ మధ్య దూరం కొలవాలని ఒక్కరికీ తోచలేదు.

అధ్యక్షులవారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ అమ్మాయి దీన్ని పన్నెండుసార్లలో ఏడుసార్లు పూర్తి చేసిందా?"

"అవునండి. నేను నాలుగు రోజులు ప్రయత్నించాను. ఒక్కసారే అందుకున్నాను. అదీ బూటు పోగొట్టుకుని."

పేరు తియ్యలేదు. ఆరు దాటి వచ్చినా తియ్యమని తూర్పు గేటు తాళంచెవి కాపలాదారుకు అప్పజెప్పారు. ఫిజియో వారానికి రెండుసార్లు లాండ్రీ పక్క క్లినిక్కుకే వెళ్తాడు. మూడు సాయంత్రాల్లో రెండు దగ్గరలో ఎక్కడైనా శిక్షణ చేసుకోవచ్చన్నారు అధ్యక్షులవారు. "కానీ అక్కడ అడవేది, పటమేది?" అని మళ్లీ ఆయనే అన్నారు.

మాస్టారు నా వైపు చూశారు. దాచమన్న రెండో కాగితం నా జేబులోంచి తీసి బల్ల మీద పరిచాను. లాండ్రీ వెనక తోపు, వాగు, రాళ్ల గుట్ట, ఎత్తుపల్లాలు చూపే గీతలతో సహా. పదేళ్లలో ఆయన గీసినవాటిలో అంత శుభ్రమైన పని నేను చూడలేదు.

ఆ మధ్యాహ్నం అచ్చు వేస్తూ అడిగాను. "ఈ సంగతంతా మొదటి రోజే నోటితో చెప్పొచ్చుగా?"

ఆయన రంగు ఆరిందో లేదో వేలితో చూశారు. "నోటితో చెబితే, అర్థం కానివాడు రెండోసారి అడగడానికి సిగ్గుపడతాడయ్యా. కాగితాన్నయితే ఎన్నిసార్లయినా అడగొచ్చు."

బాత్రూం అడిగిన గుమస్తా పక్కనే కాగితాలు సర్దుతున్నాడు. "నిజమే సార్" అన్నాడు. "ఆ కవరు ఇంకా నా దగ్గరే ఉంది."

సాయంత్రం అమ్మాయి వచ్చింది. పటం అందుకుని, వేలు పెట్టి చదివింది. ఆమె వేలు లాండ్రీ వెనక ఒక తెల్లచోటు దగ్గర ఆగింది. అక్కడ 'చూడలేదు' అని రాసి ఉంది.

"ఇది మా దుప్పట్లు ఆరేసే పెరడు మాస్టారూ."

"ఆడవాళ్లు పనిచేసే చోటని లోపలికి రాలేదమ్మా."

"ఆ పెన్సిలొకసారి ఇస్తారా?"

ఆ పెన్సిల్ ఆయన ఎవరికీ ఇవ్వగా నేను చూడలేదు. ఇచ్చారు. ఆమె ఆరు దండేలు గీసింది, ఒక కుళాయి గీసింది. చివర గోడలో చిన్న సందు పెట్టి, దాన్ని తోపులోని కాలిబాటకు కలిపింది.

"ఇక్కడో చిన్న తలుపుంది. పని దిగగానే ఇటునుంచి ఇటే తోపులోకి వెళ్లొచ్చు."

"నడిచి చూశావా?"

"రోజూ. తడి దుప్పట్లు మోసుకుంటూ."

"అయితే అది పటమే" అన్నారు మాస్టారు. 'చూడలేదు' అన్న మాటను రబ్బరుతో తుడిచి, కాగితం నా చేతికిచ్చారు. నేను మళ్లీ అచ్చు వేసి, ఆరనిచ్చి, అంచులు కత్తిరించి అమ్మాయికి అందించాను.