సెలవడిగిన కోటు

“సుమ్మా ఉండు బావా, గమ్మునుండు, నర్సమ్మ వింటుంది.”

“విననీ పిల్లా, ఆమెకు మన బాస యాడ తెలుసు? ఆ డాక్టరు సంగతొకటి చెప్తా, నవ్వుతావా?”

“రేపు చెబుదువుగానీ, పండుకో.”

కోవిల్‌పట్టి ఆసుపత్రిలో మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలివే. మర్నాటికి ఆయన లేడు. ఆ డాక్టరు సంగతేమిటో నాకు తెలియకుండానే పోయింది.

నిన్న మనవరాలు వచ్చి, తాత విరుదునగర్ కాలేజీలో చదివేటప్పుడు రాసిన ఎకసెక్కాలు ఇంట్లో ఏమైనా ఉన్నాయా, మా కాలేజీ పత్రికలో వేసుకుంటాం అని అడిగింది. ఒక్క కాగితమూ లేదు. నాకా, పేరు రాయడం తప్ప రాత రాదు. తరాలుగా అరవదేశంలో ఉన్నవాళ్లం, మా ఇళ్లలో తెలుగు మాట్లాడటమే గానీ చదివేవాళ్లు లేరు. చిన్నకోడలు చిత్తూరు పిల్ల కాబట్టి నేను చెబుతుంటే తను రాస్తోంది, నా మాటల్లోని అరవాన్ని అక్కడక్కడా దిద్దుతోంది, దిద్దనీ.

ఆ రోజుల్లో కాలేజీ పత్రికంటే పిల్లలు చేత్తో తమిళంలో రాసి నోటీసు బోర్డు పక్కన అంటించే పెద్ద కాగితం. మా పెళ్లినాటికి బావ, అంటే నా మేనత్త కొడుకు, అక్కడ ఆఖరి సంవత్సరం. శనివారం రైలెక్కి సాత్తూరు మీదుగా కోవిల్‌పట్టిలో దిగి, బస్సులో మా పల్లెకొచ్చి, నేను పత్తి ఒలుచుకుంటుంటే ఎదురుగా కూర్చుని, రాసిందంతా తెలుగులో చెప్పేవాడు. నేను నవ్వితే అది గోడెక్కేది, నవ్వకపోతే పొయ్యిలోకి పోయేది. ఊరికే నవ్వితే కనిపెట్టేసేవాడు.

మిరపకాయలు వీధిలోనే ఎండిపోయే ఆ విరుదునగర్‌లో ప్రిన్సిపాల్ ఏడాది పొడుగునా నల్లకోటు వేసేవాడట, పల్లె పిల్లలు పంచెతో వస్తే గేటు దగ్గరే తిప్పి పంపేవాడట. దానిమీద బావ ఒకటి రాశాడు. కోటు చెమటకాయలు తాళలేక సెలవడిగింది, నేను రాకపోయినా కాలేజీ నడుస్తుంది, నువ్వు రాకపోతే వీళ్లు దండమెవరికి పెడతారు అని ప్రిన్సిపాల్ దాని చెయ్యి పట్టుకుని బతిమాలాడు. నేను పత్తిబుట్ట మీద పడి నవ్వాను.

సోమవారం గోడెక్కింది. ఆ వారంలోనే, పెద్దవాళ్లను తీసుకురా, లేకుంటే పరీక్ష రాయనివ్వం అని కబురొచ్చింది. మా రెండిళ్లలో కాలేజీ మెట్లెక్కినవాడు బావ ఒక్కడే, పరీక్ష పోతే మళ్లీ కరిసల్ భూమిలో, ఆ నల్లరేగడిలో నాగలి పట్టాల్సిందే. బావ నాన్న ఎప్పుడో పోయాడు, అందుకని మా నాయన, అంటే ఆయన మేనమామ, తువ్వాలు దులుపుకుని బయల్దేరాడు.

మీ అల్లుడి నిర్వాకం చూడండి అని ప్రిన్సిపాల్ కాగితం చాచాడట. నాకు చదువు లేదు సామీ, మీరే చదవండి అన్నాడు నాయన, నిజంగానే. పాపం ప్రిన్సిపాల్ గొంతు సవరించుకుని తన ఎకసెక్కం తానే చదవాల్సి వచ్చింది. కోటు సెలవడిగేసరికి నాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు, బతిమాలే దగ్గరికొచ్చేసరికి అదీ ఆపలేకపోయింది. కళ్లు తుడుచుకుంటూ, ఆమీద కోటేమంది సామీ అని అడిగాడట. తలుపవతల గుమాస్తాల నవ్వు వినబడింది. పక్కనే నిలబడ్డ బావ నాయన మోచెయ్యి గిల్లుతున్నాడట.

ప్రిన్సిపాల్ కాగితం మడిచి సొరుగులో పెట్టాడట. పరీక్ష రాసుకో, ఇకమీద పత్రికలో నీ రాత కనబడకూడదు అన్నాడు.

బావ పరీక్ష రాశాడు, కోవిల్‌పట్టి మిల్లులో గుమాస్తా అయ్యాడు, మళ్లీ ఏ పత్రికకూ రాయలేదు. మిల్లు మేనేజరైనా, ఓట్లకొచ్చే పెద్దమనుషులైనా, మా చుట్టాలైనా, అందరి సంగతులూ సాయంత్రాలు నాకొక్కదానికే చెప్పేవాడు. ఊరంతా చదవాల్సిన మనిషికి నేనొక్కదాన్నే మిగిలాను.

మనవరాలి పత్రిక ఇప్పుడు ఫోనులోనే వస్తుంది. చదివినవాళ్లు నవ్వు బొమ్మ నొక్కుతారు. ఆ పిల్ల నొక్కేటప్పుడు చూశాను, మొహం కదల్లేదు. ఎవరు నవ్వారో ఎవరు నవ్వలేదో రాసినవాళ్లకు ఎట్లా తెలుస్తుందో మరి.

చాలమ్మాయీ, కలం కింద పెట్టు. ఇప్పుడు మొదట్నుంచీ చదువు, నా మొహం చూస్తూ చదువు. కోటు దగ్గర నేను నవ్వితే పిల్లకు పంపు. నవ్వకపోతే పొయ్యి అక్కడే ఉంది.