తొమ్మిదేళ్ళు పెద్దవాణ్ణి

ఆ ఫ్రెంచి ముసలమ్మను నేను మొదటిరోజే నమ్మలేదు. ఒమన్‌లోని అల్ ఖువైర్‌లో ఆఫీసు భవనాలు కట్టే కంపెనీ మాది. మా రూమ్‌లో ఉండే కడప సాయిబు ఒకరోజు ఇంగ్లీషు పేపర్ తెచ్చి, ఆమె ఫోటో చూపించి చదివి వినిపించాడు. నూట ఇరవై దాటాయట. వందేళ్ళప్పుడు కూడా సైకిల్ తొక్కిందట. రూమంతా నోళ్ళు వెళ్ళబెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

తల్లి ఎప్పుడో పోయుంటుంది, ఈమె కూతురు, తల్లి కాగితాల మీద బతుకుతోంది అన్నాను. అక్కడ పుట్టుకలు పక్కాగా రాస్తారని, పెద్ద డాక్టర్లు చూసి ఒప్పుకున్నారని సాయిబు చెప్పాడు. డాక్టర్లు మాత్రం చూసేది కాగితమే కదా అన్నాను. వారమంతా, అన్నం దగ్గరా, సైట్‌కి వెళ్ళే బస్సులోనూ ఆమె మీదే పడ్డాను. ఫోటోలో ఆమె చెవుల్నీ చేతుల్నీ పట్టిపట్టి చూశాను. ఆమె నాకు చేసిన అపకారమేమీ లేదు. చివరికి ఎవరూ లేనప్పుడు సాయిబు మెల్లగా అడిగాడు.

"అంత గట్టిగా ఎట్ల చెప్తాండావప్పా? నువ్వు ఎవురి కాగితాల మింద వచ్చినావు?"

లేచి బయటికి వచ్చేశాను. తనకు వీసా వచ్చిన నెలలోనే మా అన్న కామెర్లతో పోయాడు. ఏజెంటు ఆ పాస్‌పోర్టులో నా ఫోటో అంటించి నన్ను విమానం ఎక్కించాడు. అప్పటి నుంచి ఒమన్‌లో నేను అన్న పేరుతో పిలిస్తే పలికేవాణ్ణి. వయసూ అన్నదే, నాకంటే తొమ్మిదేళ్ళు ఎక్కువ.

ఇక సాయిబు మీద కన్నేశాను. అతను ఫోర్‌మన్‌తో మాట్లాడితే అనుమానం, ఉత్తరం రాస్తే అనుమానం. నా పెట్టెకు కొత్త తాళం వేశాను. అతను పోసిన చాయ్ తాగడం మానేశాను.

కొన్ని నెలలకు ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. యాభై అయిదు నిండినవాళ్ళకు వీసా రెన్యూ చేయరట. కాగితం ప్రకారం నాకు నిండాయి. సాయిబే ఆఫీసులో ఏదో చెప్పాడనుకుని రూమ్‌కొచ్చి అతని కాలర్ పట్టుకున్నాను. అతను విడిపించుకోలేదు. ఇంటికి పంపేవాళ్ళ జాబితాలో మొదటి పేరు తనదేనన్నాడు.

"నేను నిజంగా ముసిలోన్ని, పోతా. నీకింకా వయసుండాది. ఊరికి పోయి నీ పేరు మింద పాస్‌పోర్టు చేయించుకోని రా."

సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఆ మాట బాగానే తోచింది. శుక్రవారం మా ఊరి టెలిఫోన్ బూత్‌కి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను. ఇకమీద నా పేరుతోనే వస్తానని, అందుకు ముందుగా అన్న పోయినట్టు పంచాయతీలో రాయించాలని చెప్పాను. ఇన్నేళ్ళూ నా ఉత్తరాల మీద పంపినవాడి పేరు అన్నదే ఉండేది. పోస్ట్‌మన్ ఆ పేరు పైకి చదివాకే అమ్మ చేయి చాపేది.



"ఇన్నేండ్ల సంది వాని పేరు మీదనే ఉత్తరం వస్తున్నది బిడ్డా," అంది అమ్మ. "గిప్పుడు వాడు సచ్చిండని నన్నే రాపియ్యుమంటవా?"

పంచాయతీ మాట మళ్ళీ ఎత్తలేదు. మర్నాడు ఆఫీసుకు వెళ్ళి, ఇంటికి పంపించే కాగితం మీద అన్న పేరుతోనే సంతకం పెట్టాను.